మార్స్ గాలి యాడికి పొయ్యింది, మన గాలి కూడా అట్నే పోద్దా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివా. ఒంగోల్లో ఎనిమిదో క్లాసు చదివే మీ అబ్బాయి, మార్స్‌కి మాగ్నెటిక్ ఫీల్డ్ లేక గాలంతా పోయిందని స్కూల్లో చెప్పారంట, ఇంటికొచ్చి "మరి మన భూమికి మూత లేదు గదా, మన గాలి ఇన్నాళ్ళూ ఎందుకు పోలేదు, ఎప్పుడు పోద్ది" అని మిమ్మల్ని పట్టుకున్నాడు, మీరు "పోదులే పడుకో" అన్నారు, వాడు పడుకోలేదు. అంతే గదా. పిల్లోడు "మూత లేదు గదా" అన్నాడు చూశారా, అసలు ప్రశ్న అక్కడే ఉంది.

ముందు సూటిగా చెప్పేస్తా. మన గాలి కూడా పోతానే ఉంది. ఇప్పుడు మీరిది చదివేలోపల కూడా పోతా ఉంటది. సెకనుకి దాదాపు 3 కిలోల హైడ్రోజన్, 50 గ్రాముల దాకా హీలియం భూమిని వదిలేసి స్పేస్‌లోకి పోతాయి, మళ్ళీ రావు. కానీ మనం పీల్చే ఆక్సిజన్, నైట్రోజన్ పోయేది లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి పిల్లోణ్ణి భయపడొద్దని చెప్పండి. మార్స్ సంగతంటారా, దానికి బలం తక్కువ, గురుత్వాకర్షణ బలం, అందుకని బరువైనవి కూడా పోయాయి. మాగ్నెటిక్ ఫీల్డ్ లేకపోవడం అందులో ఒక భాగమేగానీ అదొక్కటే కారణం అంటే నేనొప్పుకోను, ఎందుకో కింద చెప్తా.

నా గురించి రెండు ముక్కలు. నెల్లూరు జిల్లాలో ఇంటర్ పిల్లలకి 29 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యా. అంతకుముందు ఇసకపల్లి ఉప్పు కయ్యల గట్ల మీద పెరిగా, మా నాయన అక్కడ పనిచేసేవాడు. నిజం చెప్పాలంటే ఈ విషయం అర్థం చేసుకునేదానికి ఎమ్మెస్సీ కన్నా ఆ ఉప్పు కయ్యలే నాకు ఎక్కువ పనికొచ్చినాయి.

కయ్యలో సముద్రం నీళ్ళు కట్టి వదిలేస్తారు. ఆ నీళ్ళు 100 డిగ్రీలకి కాగవు, మహా అయితే చెయ్యి పెడితే వెచ్చగా ఉంటాయి, అయినా వారం పది రోజులకి సగానికి దిగిపోతాయి. ఎట్లా? నీళ్ళలో అణువులన్నీ ఒకే స్పీడులో ఉండవు, కొన్ని నిదానంగా, ఎక్కువ భాగం మధ్యరకంగా, ఏ కాసినో మాత్రం బాగా స్పీడుగా ఉంటాయి. పైపొరలో ఉండి స్పీడుగా ఉన్నవి ఎగిరిపోతాయి. మిగిలినవి మళ్ళీ ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంకొన్ని స్పీడు పుంజుకుంటాయి, అవీ పోతాయి. గ్రహం గాలి పోవడంలో మొదటి పద్ధతి అచ్చం ఇదే. పుస్తకాల్లో జీన్స్ ఎస్కేప్ అంటారు, జేమ్స్ జీన్స్ అనే ఇంగ్లీషు ఆయన లెక్క కట్టాడు కాబట్టి ఆ పేరు, మనం వేసుకునే జీన్సుకీ దానికీ సంబంధం లేదు (ప్రతి బ్యాచ్‌లో ఎవడో ఒకడు అడిగేవాడు లెండి).

ఇప్పుడు మూత సంగతి. భూమి నుంచి తప్పించుకోవాలంటే సెకనుకి 11.2 కిలోమీటర్ల స్పీడు కావాలి. మనింట్లో గాలి, అంటే నైట్రోజన్ అణువులు, సెకనుకి అర కిలోమీటరు దగ్గర్లో తిరుగుతుంటాయి. పైగా ఇక్కడ కింద ఏ అణువుకైనా స్పీడొచ్చినా యాడికి పోద్ది? వెంటనే పక్కదాన్ని గుద్దుకుంటది. మా నెల్లూరులో రొట్టెల పండగ రోజు స్వర్ణాల చెరువు గట్టు మీద మీరెంత పరుగుపందెం ఛాంపియన్ అయినా నాలుగడుగులు పరిగెత్తలేరు, జనం. జనం పల్చబడిన చివరకొస్తేనే పరుగు. గాలికి కూడా అట్లాంటి చివర ఒకటుంది, భూమికి ఇంచుమించు 500 కిలోమీటర్లు, అంతకన్నా పైన, సూర్యుడి జోరుని బట్టి ఆ ఎత్తు మారతా ఉంటది. అక్కడ గాలి ఎంత పల్చనంటే పైకి లేచిన ఆటమ్ ఇంకోదాన్ని గుద్దుకోకుండా నేరుగా పోవచ్చు. అక్కడ టెంపరేచర్ కూడా ఎక్కువే, దాదాపు 1000 కెల్విన్, అంటే మన లెక్కలో 700 డిగ్రీల పైన, సూర్యుడి అల్ట్రావయొలెట్ కాంతి నేరుగా తగులుద్ది కాబట్టి. అంత వేడిలో కూడా ఆక్సిజన్ ఆటమ్ స్పీడు సెకనుకి 1 కిలోమీటరే, అది 11.2 అందుకోవడం అనేది జరగని పని. హైడ్రోజన్ అయితే తేలిక కాబట్టి 4 కిలోమీటర్ల స్పీడులో ఉంటది, అందులో వెయ్యికి ఒకటో రెండో 11.2 దాటేస్తాయి. దాటినవి పోయాయి. అదీ మన మూత: బరువు, దూరం, చలి, ఈ మూడూ కలిసి. పైన గట్టిగా మూసేసే పొరేమీ లేదు.

చలి అన్నాను గదా, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పిల్లలకి చెప్పరు. హైడ్రోజన్ అంత సులువుగా పోతుంటే భూమి మీద నీళ్ళన్నీ ఎప్పుడో అయిపోవాలి, నీళ్ళలో ఉన్నదే హైడ్రోజన్ గదా. అవ్వలేదు ఎందుకు? రోహిణి కార్తెలో మన దగ్గర రోళ్ళు పగిలే ఎండ, 45 డిగ్రీలు, బంగాళాఖాతం నుంచి ఆవిరి లేస్తానే ఉంటది. సరిగ్గా అదే రోజు మన నెత్తి మీద 16, 17 కిలోమీటర్ల ఎత్తులో మైనస్ 80 డిగ్రీల దాకా చలి. పైకి లేచిన ఆవిరంతా అక్కడికి చేరేలోపలే గడ్డకట్టి వానగానో మంచుగానో కిందకి దిగాల్సిందే, ఏదో చిటికెడు మాత్రం దాటి పైకి పోద్ది. ఆ చిటికెడు ఆవిరీ, కాస్త మీథేనూ పైన విరిగితేనే ఆ 3 కిలోల హైడ్రోజన్ వచ్చేది. అంటే తలుపు పైన తెరిచే ఉంది గానీ అక్కడికి పొయ్యే మెట్లు ఇరుకు. మన సముద్రాలు మిగిలింది ఈ చలి పొర పుణ్యమే.

వీనస్‌కి ఈ చలి పొర చెడిపోయింది. సూర్యుడికి దగ్గర, వేడికి నీళ్ళన్నీ ఆవిరై పైదాకా ఎక్కినాయి, అక్కడ ఎండకి విరిగి హైడ్రోజన్ పారిపోయింది, ఇప్పుడు చుక్క నీరు లేదు. "నువ్వు చూశావా సారూ, నీకెట్లా తెలుసు" అంటే, దానికి మా నాయన దగ్గరకి రావాలి.

మా నాయన దగ్గర ఒక గాజు గొట్టం ఉండేది, కింద బరువు, పైన గీతలు, బామే మీటర్ అంటారు దాన్ని, ఉప్పు నీళ్ళు ఎంత చిక్కబడ్డాయో డిగ్రీల్లో చూపిస్తది. పొద్దున్నే కయ్యలో నీళ్ళు ఒక డబ్బాలోకి ముంచి, గొట్టం అందులో వదిలి, అది ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. సముద్రం నీళ్ళు 3 డిగ్రీలు చూపిస్తాయి. 25 దగ్గరకొస్తే ఉప్పు కట్టడం మొదలైద్ది. 29, 30కి వచ్చాయంటే ఇంక ఆ మిగిలిన నీళ్ళు చేదు, గండి కొట్టి వదిలెయ్యాలి, లేకపోతే ఉప్పు పాడైద్ది. వేరే కయ్యకి పోయి గొట్టం వేసి "ఇందులో ముప్పాతిక నీళ్ళు పోయినాయిరా" అనేవాడు. ఆ కయ్యలో నీళ్ళు కట్టినప్పుడు ఈయన అక్కడ లేడు, ఎండటం చూడలేదు, అయినా చెప్పేవాడు. పోయిందాన్ని కొలవడానికి మిగిలిందాన్ని కొలిస్తే చాలు.

గ్రహాలకీ ఇదే. హైడ్రోజన్‌లో మామూలుది ఒకటి, దానికి రెట్టింపు బరువున్న డ్యూటీరియం ఒకటి. తేలికది ఎక్కువ పారిపోద్ది, బరువుది వెనకబడిపోద్ది. (ఉప్పుతో పోలిక ఇక్కడ కాస్త తప్పుద్ది. ఉప్పు అసలు ఎగరదు, డ్యూటీరియం ఎగురుద్ది, కాకపోతే తక్కువ.) 1978లో అమెరికా వాళ్ళు పయనీర్ వీనస్ పంపించారు, అది కొలిస్తే మామూలు హైడ్రోజన్‌తో పోల్చి డ్యూటీరియం పాలు మన భూమి మీదకన్నా 100 రెట్లకి పైగా ఎక్కువుంది. గొట్టం 29 చూపించినట్టే. మార్స్‌లో అదే 5, 6 రెట్లు.

ఇప్పుడు మార్స్. 2013 నవంబర్ 5, మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకి శ్రీహరికోట నుంచి మంగళయాన్ పోయింది, నేను సెకండియర్ పిల్లల్ని కాలేజీ మేడ ఎక్కించి దక్షిణం వైపు చూడమన్నా, ప్రిన్సిపాల్ తిట్టాడు, అది వేరే విషయం. (షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, అప్పుడు మా జిల్లానే, 2022లో జిల్లాలు విడగొట్టి తిరుపతిలో కలిపారు, మాకైతే ఇప్పటికీ మన షారే.) అదే నెల 18న నాసా వాళ్ళు మావెన్ పంపారు, మన టైము ప్రకారం అది 2014 సెప్టెంబర్ 22న, మనది 24న మార్స్ చేరాయి. మావెన్ పోయిందే ఈ పని మీద, మార్స్ గాలి ఎట్లా పోతోందో కొలిచేదానికి. మనదాంట్లో కూడా మెన్కా అని తిరువనంతపురంలో చేసిన పరికరం ఒకటుండేది, మార్స్ గాలి పైఅంచులో ఏమేమి ఉన్నాయో తూచేది, మామూలుగా ఆ ఎత్తులో ఉండాల్సినదానికన్నా ఎక్కువ జోరుమీదున్న ఆర్గాన్‌ని అది పట్టుకుంది.

మావెన్ మొదట చెప్పిన లెక్క సెకనుకి 100 గ్రాములు. సూర్యుడి నుంచి చార్జ్ ఉన్న కణాల ధార వస్తా ఉంటది, సోలార్ విండ్ అంటారు, అది లాక్కుపొయ్యే గాలి అంత. రోడ్డు పక్క టీ కొట్లో గ్లాసుడు టీ ఎంతో అంత. ఇంతేనా అనిపిస్తది. నేనీ లెక్క బోర్డు మీద చేయించేవాణ్ణి, మీ వాడితో కూడా చేయించండి: సంవత్సరానికి 3 వేల టన్నుల పైచిలుకు. 400 కోట్ల సంవత్సరాలు ఇట్లాగే పోయినా ఇప్పుడు మార్స్ మీద మిగిలున్న గాలిలో సగం మాత్రమే అయ్యిద్ది. మరి మార్స్ గాలి ప్రెషర్ ఇప్పుడు 6 మిల్లీబార్ల దగ్గరుంది, మనకి 1013. అంటే ఈ రోజు లెక్కతో ఒకప్పుడున్న మందమైన గాలి పోవడం కుదరదు, ఎక్కడో తేడా ఉంది. తేడా సూర్యుడిలో ఉంది. వయసులో ఉన్నప్పుడు సూర్యుడి అల్ట్రావయొలెట్, ఎక్స్‌రేలు, సోలార్ విండ్ ఇప్పటికన్నా ఎన్నో రెట్లు గట్టిగా ఉండేవి. 2015 మార్చిలో సూర్యుడి తుఫాను ఒకటి మార్స్‌కి తగిలితే గాలి పోవడం ఒక్కసారిగా 10 రెట్లు దాటిందని మావెనే చూసింది, అట్లాంటి తుఫాన్లు ఆ రోజుల్లో మామూలు.

మొత్తం మీద ఎంత పోయిందనేదానికి మళ్ళీ ఉప్పు కయ్య లెక్కే. ఈసారి ఆర్గాన్‌తో. ఆర్గాన్ దేంతోనూ కలవదు, రాయిలోకి పోదు, నీళ్ళలో కరిగి ఉండిపోదు, పోతే స్పేస్‌లోకే పోవాల. 36 బరువున్న ఆర్గాన్, 38 బరువున్న ఆర్గాన్ రెంటినీ పోల్చి 2017లో తేల్చారు, మార్స్ ఆర్గాన్‌లో 65 శాతం పైకే పోయింది అని. ఆర్గాన్‌కే ఈ గతి పడితే కార్బన్ డయాక్సైడ్ కూడా పెద్ద ఎత్తున పోయినట్టే. అయితే అంతా పైకే పోయిందనుకోకండి, కొంత రాళ్ళలో కలిసింది, కొంత ధ్రువాల దగ్గర గడ్డకట్టి ఉంది.

మార్స్‌లో ఇంకో తమాషా ఉంది, నాకు చాలా ఇష్టం. ఆక్సిజన్ ఆటమ్‌కి వేడితో తప్పించుకునే స్పీడు రాదని పైన చెప్పా గదా, మార్స్ నుంచి బయటపడాలంటే సెకనుకి 5 కిలోమీటర్లు చాలు, అయినా వేడితో రాదు. కానీ పైన ఎండకి ఆక్సిజన్ అణువు ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని తిరుగుతుంటది, దానికి దారిన పొయ్యే ఎలక్ట్రాన్ ఒకటి మళ్ళీ దొరికిందంటే ఆ కలిసిన జోరుకి అణువు రెండు ముక్కలై చెరో వైపు ఎగిరిపోతాయి, ఉగాదికి కొట్టిన కొబ్బరికాయ చిప్పల్లాగా. ఆ విసురు మార్స్‌ని దాటేసేదానికి సరిపోద్ది. ఇదే భూమి మీదా జరుగుద్ది, ఇక్కడ 11.2 కావాలి కాబట్టి ఎగిరి మళ్ళీ కింద పడతాయి. ఒకే విసురు, ఒక ఊళ్ళో గోడ దూకిద్ది, ఇంకో ఊళ్ళో దూకలేదు, గోడ ఎత్తు తేడా.

ఇంక మాగ్నెటిక్ ఫీల్డ్. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను కూడా పదేళ్ళకి పైగా క్లాసులో అదే చెప్పా: మార్స్ లోపల ఇనుము కదలడం ఆగిపోయింది, 400 కోట్ల సంవత్సరాల కింద మాగ్నెటిక్ ఫీల్డ్ పోయింది, గొడుగు పోయింది, సోలార్ విండ్ గాలంతా ఊడ్చేసింది. వినడానికి బాగుంటది, పరీక్షలో నాలుగు మార్కులు కూడా వస్తాయి. కందుకూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకామె, మామూలుగా నోరు తెరిచేది కాదు, ఆ రోజు లేచి "సార్, వీనస్‌కి కూడా మాగ్నెటిక్ ఫీల్డ్ లేదు, సూర్యుడికి మనకన్నా దగ్గర, మరి దాని గాలి మనకి 90 రెట్లు ఎందుకుంది సార్" అంది. నేను చాక్‌పీస్ పట్టుకుని నిలబడిపోయా. రేపు చెప్తానమ్మా అన్నా. ఆ రేపు రావడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

చదివాక తెలిసింది ఏంటంటే, ఫీల్డ్ ఉన్న భూమీ, లేని వీనస్, మార్స్ మూడూ చార్జ్ ఉన్న కణాల్ని సుమారుగా ఒకే స్థాయిలో పోగొట్టుకుంటున్నాయి. ఫీల్డ్ కొంత ఆపిద్ది, నిజమే. కానీ అదే ఫీల్డ్ సోలార్ విండ్ శక్తిని ఎక్కువ మేర పట్టి ధ్రువాల వైపు గరాటాలో పోసినట్టు పోస్తది, అక్కడ నుంచి మన ఆక్సిజన్ అయాన్లు (చార్జ్ ఉన్న ఆటమ్‌లు), హీలియం పైకి లేచిపోతాయి. గొడుగు పట్టుకుంటే తల తడవదు గానీ అంచుల నుంచి ధార కారినట్టు. మొత్తం మీద ఫీల్డ్ లాభమా నష్టమా అని సైంటిస్టులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా అభిప్రాయం అడిగితే, మార్స్ చిన్నది అవడమే దాని మొదటి దురదృష్టం, ఫీల్డ్ పోవడం రెండోది. చిన్నది కాబట్టే లోపల త్వరగా చల్లబడింది, చిన్నది కాబట్టే గోడ పొట్టిది, అగ్నిపర్వతాలు కొత్త గాలి కక్కడం కూడా తగ్గిపోయింది.

అట్లాగని "చిన్నదైతే గాలుండదు" అని సూత్రం రాసుకోవద్దు, టైటాన్ ఉంది. శని చుట్టూ తిరిగే చందమామ, తప్పించుకునే స్పీడు 2.6 కిలోమీటర్లే, మన చంద్రుడిది 2.4, పెద్ద తేడా లేదు. చంద్రుడి మీద గాలి లేదు, టైటాన్ మీద మనకన్నా ఒకటిన్నర రెట్లు ప్రెషర్. అక్కడ మైనస్ 180 డిగ్రీల చలి, సూర్యుడు దూరం, అణువులకి కదిలే ఓపిక లేదు. గోడ పొట్టిదే గానీ దూకేవాడు లేడు.

దీనికి పూర్తిగా ఎదురు కేసు కూడా ఉంది. సూర్యుడి లాంటి వేరే నక్షత్రాలకి మరీ దగ్గరగా తిరిగే పెద్ద గ్యాస్ గ్రహాలు. వాటికి ఒక్కో ఆటమ్ ఎగిరిపోవడం కాదు, పొయ్యి మీద పాలు పొంగినట్టు పైగాలి మొత్తం పొంగి బయటకి పారద్ది. హెచ్‌డి 209458 బి అనే గ్రహం చుట్టూ అట్లా కారిపొయ్యే హైడ్రోజన్‌ని 2003లో హబుల్ టెలిస్కోప్‌తో చూశారు. 2015లో జీజే 436 బి అనే ఇంకోదానికి తోకచుక్కలాగా హైడ్రోజన్ తోకే కనపడింది. వీనస్ నీళ్ళు పోయిన తొలి రోజుల్లో కూడా ఇట్లాంటి పొంగే జరిగి ఉంటదని అంటారు.

హీలియం గురించి ఒక్క మాట, మన వైపు సంగతి కాబట్టి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం చూసేదానికి జాన్సెన్ అనే ఫ్రెంచ్ ఆయన గుంటూరు దాకా వచ్చాడు, హీలియం కథ ఆ గ్రహణం నుంచే మొదలు. భూమిలో యురేనియం, థోరియం విరిగి హీలియం పుడతానే ఉంటది, కానీ గాలిలో పోగుపడదు, లక్ష కణాల్లో అర కణం అంతే, వచ్చింది వచ్చినట్టే పైకి పోద్ది. బర్త్‌డే బెలూన్‌లో నింపింది పగిలిందంటే ఇంక అది స్పేస్ దారి పట్టినట్టే, ఆలస్యంగా అయినా.

ఇంక "ఎప్పుడు పోద్ది" అన్నదానికి. ఇప్పుడున్న 3 కిలోల లెక్కన మన గాలి బరువంత పోవాలంటే 5 వేల కోట్ల సంవత్సరాలు పైనే, సూర్యుడే అన్నాళ్ళు ఉండడు. అసలు గండం వేరే ఉంది. సూర్యుడు నిదానంగా వేడెక్కుతున్నాడు, ఇంకో 100 కోట్ల సంవత్సరాలకి ఇప్పటికన్నా 10 శాతం ఎక్కువ మండతాడు. అప్పుడు నేను చెప్పిన ఆ మైనస్ 80 చలి పొర పనిచెయ్యదు, ఆవిరి పైదాకా ఎక్కుద్ది, సముద్రాలు వీనస్ దారి పడతాయి. ముందు పొయ్యేది గాలి కన్నా నీళ్ళు. దీనికీ, మనం కార్లు, కరెంటుతో చేస్తున్న వేడికీ సంబంధం కలపకండి, అది ఈ వందేళ్ళ గొడవ, ఇది 100 కోట్ల ఏళ్ళది.

మీ వాడికి మాటలతో కన్నా చేతికి పని ఇస్తే బాగా ఎక్కుద్ది. ఆదివారం కొత్తపట్నం బీచ్‌కి పోయి ఓ నాలుగు లీటర్ల సముద్రం నీళ్ళు క్యాన్‌లో పట్టుకురండి. ఒక తాజా కోడిగుడ్డు అందులో వెయ్యండి, మునుగుద్ది. పాత గుడ్డు వద్దు, అది మంచినీళ్ళలో కూడా తేలిపోద్ది, పిల్లోడు మోసం అంటాడు. తర్వాత ఆ నీళ్ళు వెడల్పు ప్లాస్టిక్ టబ్‌లో పోసి డాబా మీద ఎండలో పెట్టండి, లోపలివైపు స్కెచ్ పెన్నుతో రోజూ ఒక గీత. పైన పల్చటి బట్ట కట్టండి, కాకులు వదలవు. నీళ్ళు నాలుగో వంతుకి దిగేసరికి మళ్ళీ తాజా గుడ్డు వేస్తే తేలుద్ది. అప్పుడు ఆ గీతలన్నీ తుడిచేసి, పక్కింటి పిల్లోణ్ణి పిలిచి, గుడ్డు ఒక్కటే చూపించి ఈ టబ్‌లో ఎన్ని నీళ్ళు పోయాయో చెప్పమనండి. తేలకపోతే ఇక్కడే రాయండి, బహుశా నీళ్ళు ఇంకా సరిపడా దిగలేదని అర్థం, నాలుగు రోజులు ఆగాల్సి ఉంటది.